కొండ సలహాదారు

"ఏమయ్యా, ఈ దీవి మునిగిపోతే మనం యాడ నిలబడల్ల?"

పడవ ఇంకా రేవుకు తాడు కూడా వెయ్యలేదు. అప్పుడే నా నోట్లోంచి ఈ మాట వచ్చేసింది. అడిగింది మా ఆయన్ని. మా ఆయన హనుమంతరాయుడు ఆర్టీసీలో ఘాట్‌రోడ్డు బస్సులు నడిపి రిటైరైన మనిషి. బండి నడిచేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదని బస్సులో రాసుంటుంది కదా, ఆ బోర్డును ఆయన ఇంటిక్కూడా తెచ్చుకున్నాడు. నేనేమడిగినా రోడ్డు చూసినట్టు ఎదురుగా చూస్తాడు. మలుపు దాటినాక చెబుతాడేమో అని నేను కాచుకుంటా. ఆ మలుపు దాటేది ఉండదు.

నా ప్రశ్నలో తప్పేముందో మీరే చెప్పండి. నేను పుట్టింది పెనుకొండ, మెట్టింది పెనుకొండ. తలుపు తీస్తే కొండ, తల దువ్వుకుంటే అద్దంలో కొండ. చెరువులో నీళ్ళు లేవని ఏడ్చిన ఊరు మాది. అట్లాంటిదాన్ని తీసుకొచ్చి, ఎవరో సముద్రంలో బొరుగులు చల్లినట్టుండే దేశంలో, అందులో ఒక బొరుగు మీద దింపితే భయం వెయ్యదా? ఆ దీవి ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివర వాళ్ళు చల్లగా ఉండమంటారు. మిట్ట లేదు, పల్లం లేదు, అంతా చాప పరిచినట్టు. దీవి మొత్తంలో ఎత్తైన చోటు ఫుట్‌బాల్ మైదానం పక్కనుండే దిబ్బ. దాని మీద మేక నిలబడితే మేక ఎత్తే ఎక్కువ.

దేశం పేరు రాయను. మా అమ్మాయి కాంట్రాక్టు ఇంకా ఉంది.

మా అమ్మాయి భార్గవి అక్కడ బళ్ళో సోషల్ టీచరు. అల్లుడు పక్కన ఇంకో దీవిలో, దొరలు వచ్చి పడుకునే రిసార్టులో స్టోర్సు చూస్తాడు, సెలవు దొరికితే వస్తాడు. అమ్మాయికి బిడ్డ పుట్టింది. బడికి తిరిగిపోవాలంటే బిడ్డను చూసుకునేవాళ్ళు కావాలి. అందుకని మేమొచ్చినాం. బడివాళ్ళు ఇచ్చిన క్వార్టర్సు పడమటి తీరాన ఉంది. వంటింటి తలుపు తీస్తే ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు. వంటింట్లో దూలానికి బిడ్డ ఉయ్యాల. ఆ ఉయ్యాలకూ ఆ నీళ్ళకూ మధ్య ఉండేది ఒక తలుపూ, కొంచెం ఇసుకా. నాకు నిద్ర పట్టకపోవడానికి ఇంతకంటే ఏం కావాల?

ఆ ఇసుకలో ఇనప చట్రానికి చేపల వల తాడుతో అల్లిన కుర్చీలు వరుసగా ఉంటాయి. ఊరంతా సాయంత్రాలు వాటిలోనే. దిగిన రోజునే మా ఆయన ఒకదాంట్లో కూర్చున్నాడు, అది ఆయన కోసమే అల్లినట్టు సరిపోయింది. పక్కది ఖాళీగా ఉంది. నేను కూర్చోలేదు. తాడు తెగితే నడుము ఏం కావాల? నేను నిలబడే ఉన్నా. ఈ కథంతా నేను నిలబడే ఉన్నానని గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు పడవ దగ్గరికి వస్తా. నేనడిగింది మా ఆయన వినలేదు గానీ రేవులో నిలబడిన ఇంకొకాయన విన్నాడు. ఆయన ఆ దీవి కౌన్సిలు కార్యదర్శి, షకీబ్ గారు. బెంగళూరులో డిగ్రీ చదివినాడు, కన్నడం వచ్చు. నా తెలుగులో సగం ఆయనకు అర్థమైంది. మాది కర్ణాటక పక్కనే కాబట్టి మిగిలిన సగం నేనే కన్నడంలో చెప్పినా. అక్కడే చెడింది.

"అమ్మగారూ, మునిగితే ఎక్కడ నిలబడాలని అడిగినారు కదా?"

"అడిగినా సామీ. ఊరికే అడిగినా."

"ఈ ప్రశ్న మా కౌన్సిలులో ఇంతవరకు ఎవరూ లేవనెత్తలేదు."

ఆయన మొహం వెలిగిపోయింది. ఎందుకో తర్వాత భార్గవి చెప్పింది. సముద్రం పెరుగుతోందని ఏదో చల్లటి దేశంలో ఒక నిధి పెట్టినారంట. నిధి కావాలంటే ప్రతి దీవీ ప్రమాదం వేళ జనం చేరుకోవడానికి ఒక 'ఉన్నత స్థలం' చూపించాలంట. ఆ రూలు రాసినవాళ్ళు కొండల దేశం వాళ్ళు. కొండ లేని చోటు కూడా ఉంటుందని వాళ్ళ కలలోకి కూడా వచ్చినట్టు లేదు. కొండలు లేని దేశం ఆ రూలును కళ్ళకద్దుకుని తీసుకుంది.

"మా, నువ్వు ఆయనతో ఏమీ మాట్లాడొద్దు," అంది భార్గవి. "మా కాంట్రాక్టుకు సిఫార్సు రాసేది ఆయనే."

నేను మాట్లాడలేదు. భయపడినానంతే. నేను భయపడితే అది బయటికి వినబడుతుంది, దానికి నేనేం చేసేది?

మొదటి వారంలోనే కౌన్సిలు తీర్మానం చేసింది. దీవిలో భూమికి పైన ఉన్న ఉన్నత స్థలాలు కొబ్బరి చెట్లే కాబట్టి, ప్రతి కుటుంబానికీ ఒక చెట్టు కేటాయించడమైనది. చెట్టుకు రంగు పూసి ఇంటి పేరు రాసినారు. మా చెట్టు వంటింటి వెనకాలే, నీళ్ళ వైపుకు వంగి, గాలికి ఎప్పుడూ ఊగుతూ ఉండేది. మసీదు మైకులో చెప్పిస్తే అందరూ తమ తమ చెట్టు దగ్గర హాజరు కావాలి. ఎక్కగలవాళ్ళు ఎక్కాలి, ఎక్కలేనివాళ్ళు మానును కౌగిలించుకుని తమ ఉద్దేశం తెలియజేయాలి.

మా ఆయన చెట్టు పైకి చూసినాడు. చాలాసేపు చూసినాడు. వచ్చి వలకుర్చీలో కూర్చున్నాడు.

నేను మానును కౌగిలించుకునే ఉన్నా. పైకి చూస్తే కాయలు. "అయ్యో షకీబ్ సామీ, కాయ నెత్తిన పడితే?" అన్నా.

అనకుండా ఉండాల్సింది. మరుసటి రోజుకు ఇంకో తీర్మానం. కొబ్బరి చెట్ల కింద శిరోరక్షణ లేకుండా సంచరించరాదు. హెల్మెట్లు పడవలో రావాల. ఉల్లిగడ్డలే పడవలో రావాల, హెల్మెట్లెప్పుడొస్తాయి? ఆ దేశంలో చేపా, కొబ్బరీ, ఎండా తప్ప అన్నీ పడవలోనే వస్తాయి. అందుకని తాత్కాలికంగా వంటపాత్రలకు అనుమతి ఇచ్చినారు. దీవిలో కొబ్బరి చెట్టు లేని చోటు లేదు. కాబట్టి ఊరంతా నెత్తిన గిన్నెలు. చేపలు పట్టేవాళ్ళు గిన్నెలతో, బడి పిల్లలు గిన్నెలతో, కౌన్సిలు అధ్యక్షులవారు బిర్యానీ దబరాతో. మధ్యాహ్నం వంట చేసుకోవాలంటే ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు బయటికి పోకుండా కూర్చోవాల, గిన్నె పొయ్యి మీద ఉంది కాబట్టి.

ఈ వింత చూడ్డానికి రిసార్టు నుంచి దొరలు పడవలేసుకుని వచ్చినారు. 'సంప్రదాయ గిన్నె నడక' అని అల్లుడి రిసార్టులో దానికి ఒక టికెట్టు పెట్టినారు. మా పెనుకొండ ఎండ కూడా ఇంతే ఎండ, ఇన్నేళ్ళుగా ఊరికే ఇస్తున్నాం, ఒక్క దొర వచ్చి పడుకోలేదు. వాళ్ళకు తెలివి ఉంది, మాకు సముద్రం లేదు.

ఈ సంగతి రాజధానికి పాకింది. అక్కడినుంచి నజీరా మేడం దిగింది. ఆమె జాతీయ ఎత్తుల శాఖ డిప్యూటీ డైరెక్టరు. ఎత్తులే లేని దేశానికి ఎత్తుల శాఖ ఎందుకని మా అమ్మాయి ఒకసారి అడిగిందంట. "లేనిదాన్ని పర్యవేక్షించడానికి ఉన్నదాని కంటే ఎక్కువ సిబ్బంది కావాలి" అన్నదంట ఆమె. చక్కటి మనిషి. చెమట పట్టినా తుడుచుకోదు, హోదా పోతుందని.

కొబ్బరి చెట్లు చూసి ఆమె పెదవి విరిచింది. "వృక్షం ఎత్తే గాని స్థలం కాదు. నిధి నిబంధనలో స్థలం అని ఉంది."

"అయితే మేడం, మా దగ్గర కొండ ప్రాంత నిపుణురాలు ఉన్నారు," అన్నాడు షకీబ్.

నేను వెనక్కి తిరిగి చూసినా, ఎవరబ్బా అని. నా వెనక ఎవరూ లేరు, సముద్రమే ఉంది.

కౌన్సిలు ఆఫీసుకు తీసుకుపోయి తిరిగే కుర్చీ వేసినారు. అది తిరుగుతుందని తెలిసి నేను కూర్చోలేదు. తిరిగి తిరిగి కళ్ళు తిరిగి పడితే? నిలబడే జవాబులు చెప్పినా. షకీబ్ తర్జుమా చేసినాడు.

"మీరు కొండతో ఎంతకాలంగా పనిచేస్తున్నారు?" అని మేడం.

"పనేం చెయ్యలేదమ్మా. అది పైన ఉండేది, నేను కింద ఉండేదాన్ని."

"కొండ దిగువ విభాగంలో జీవితకాల అనుభవం," అని రాయించింది మేడం. "శిఖరం గురించి?"

"ఎప్పుడూ ఎక్కలేదమ్మా. జారితే ఎవరు దించుతారని."

"శిఖర ప్రమాదాలపై ప్రత్యేక అవగాహన."

నేను చదివింది ఎనిమిది. అది చెప్పినా. ఎనిమిదేళ్ళ ఉన్నత విద్య అని రాసుకున్నారు. కొండకు ఏమేమి ఉండాలి అని అడిగితే, మా కొండకు కోట ఉంది, మెట్లున్నాయి, కోతులున్నాయి అన్నా. కోతుల దగ్గర మేడం కలం ఆపింది.

"కోతులు అనివార్యమా?"

"మా ఊళ్ళో అయితే తప్పదమ్మా."

కోతులు రెండో దశలో తెప్పించాలని నిర్ణయమైంది. నాకు పసుప్పచ్చ శాలువా కప్పి, కొండ సలహాదారు అన్నారు. శాలువా బాగుంది. అబద్ధమెందుకు, నాకు కొంచెం సంతోషం కూడా వేసింది. ఇన్నేళ్ళ నా జీవితంలో నా భయాన్ని ఎవరైనా రాసుకున్నారా? మా ఆయన తలైనా ఊపినాడా? ఇక్కడ ఒక ప్రభుత్వమే నా భయం విని లేచి నిలబడింది. ఇంటికొచ్చి శాలువా చూపించినా. మా ఆయన శాలువా అంచు పట్టి చూసి, దాన్ని మడిచి బిడ్డ ఉయ్యాలలో పరిచినాడు.

కొండ పని మొదలైంది. మైదానంలో జెండాలు పాతినారు. కొండ అంటే రాయి కావాల, అక్కడ గులకరాయి కూడా లేదు. ఇసుకే గతి. ఇసుక ఎక్కడిది? పడమటి తీరానిది. జేసీబీ పడవలో వచ్చింది, దాన్ని చూడ్డానికి బడికి సెలవిచ్చినారు. అది మా వంటింటి ఎదుటే ఇసుక తవ్వి మైదానంలో పోసింది. కొండ మోకాలెత్తు లేచింది, నడుమెత్తు లేచింది, మేకను దాటింది. మేకను దాటిన రోజు ఊళ్ళో మిఠాయి పంచినారు.

ఆ తర్వాత ఊరికి కొండ పిచ్చి పట్టింది. కొండ ప్రాంతంలో చలిగా ఉంటుందని ఎవరో చెప్పినారు. కౌన్సిలు అధ్యక్షులవారు ఉన్ని స్వెట్టరు తెప్పించుకుని ఆ ఎండలో వేసుకున్నారు. చూసి మిగతావాళ్ళూ వేసుకున్నారు. కొండ వైపు ఇళ్ళకు అద్దె పెరిగింది. 'కొండ దృశ్యం కల గది' అని గెస్ట్‌హౌసు వాళ్ళు బోర్డు పెట్టినారు. ఇంతకుముందు 'సముద్ర దృశ్యం' అని ఉండేది, దాన్ని తుడిపేసినారు, సముద్రం ఎవరికి కావాలని. బళ్ళో భార్గవిని 'మన దేశం చదునైనది' అనే పాఠం ఇకమీదట చెప్పొద్దన్నారు.

"మరి ఏం చెప్పమంటారు సార్?" అని అడిగిందంట హెడ్మాస్టరును.

"అధిక భాగం చదునైనది అని చెప్పండి. ఏది కాదో పిల్లలు కిటికీలోంచి చూసుకుంటారు."

కొండ పెరిగినకొద్దీ వలకుర్చీలు వెనక్కి జరుగుతూ వచ్చినాయి. మా ఆయన సాయంత్రం వచ్చి చూస్తాడు, తన కుర్చీ కాళ్ళు నీళ్ళలో ఉంటాయి. మాట్లాడకుండా ఎత్తి ఒక బారెడు ఇంటి వైపుకు వేసుకుంటాడు. పక్కదాన్ని కూడా ఎత్తి తన పక్కనే వేస్తాడు. అట్లా వేస్తూ వేస్తూ ఒకనాటికి కుర్చీల వీపులు మా వంటింటి గోడకు ఆనినాయి. ఇక వెనక్కి పోవాలంటే వంటింట్లోకే.

నేను నజీరా మేడం దగ్గరికి పోయినా. "అమ్మా, సముద్రం ముందుకొస్తోంది. మా అమ్మాయి వంటింట్లో బిడ్డ ఉయ్యాల ఉంది."

"సముద్రం ముందుకు రాలేదు సలహాదారు గారూ. తీరం వెనక్కి సర్దుకుంది. దీన్ని మేము తీర సర్దుబాటు అంటాం."

"ఏదన్నా అనండి తల్లీ, ఇసుక తీయడం ఆపితే చాలు."

"చూడండి. కొండ వల్ల తీరానికి ప్రమాదం పెరిగింది. ప్రమాదం పెరిగింది కాబట్టి కొండ అవసరం పెరిగింది. అవసరం పెరిగింది కాబట్టి ఇంకా ఇసుక కావాలి. పథకం అనుకున్న దానికంటే బాగా పనిచేస్తోంది."

ఆమె చెప్తుంటే నాకు ఒక్క క్షణం నిజమే అనిపించింది. చదువుకున్నవాళ్ళు మాట్లాడితే నాకు అట్లాగే అనిపిస్తుంది. బయటికొచ్చి నాలుగడుగులు వేసినాక కాళ్ళకు నీళ్ళు తగిలినాయి, అప్పుడు అనిపించడం మానింది.

ఆ వారమే పున్నమి పోటు వచ్చింది. పొద్దున్నే భార్గవి బడికి తయారవుతోంది, నేను పోపు వేస్తున్నా. వంటింటి తలుపు కింద నుంచి నీళ్ళు లోపలికొచ్చినాయి. వచ్చిన తీరు కూడా పిలవని పేరంటానికి వచ్చినట్టు, మెల్లగా, చుట్టూ చూసుకుంటూ. ఉల్లిగడ్డల బుట్ట తేలింది. చెప్పులు తేలినాయి. నీళ్ళు ఉయ్యాల కిందికి పోయి అక్కడే ఆడుకుంటున్నాయి. పైన బిడ్డ వేలు నోట్లో పెట్టుకుని నవ్వుతోంది. నేను అరవబోయినా, గొంతు రాలేదు. ఇన్నేళ్ళుగా ప్రతి చిన్నదానికీ అరిచినా కదా, నిజంగా కావాల్సినప్పుడు అరుపు అయిపోయింది.

మా ఆయన వచ్చి నీళ్ళలోనే నిలబడి దూలానికి ఉన్న కొక్కెం ఊడదీసినాడు. ఉయ్యాలను బిడ్డతో సహా ముందు గదిలోకి మోసుకుపోయి అక్కడ కట్టినాడు. ఇంట్లో ఇక వెనక్కి జరగడానికి ఉన్నది ఆ గది ఒక్కటే. అది దాటితే రోడ్డు.

భార్గవి మంచం మీదికెక్కి కాళ్ళు మడుచుకుని కూర్చుంది. చీర కుచ్చిళ్ళు తడిసినాయి.

"నేను రాజధానికి అర్జీ పెడతా మా. ఏమైతే అదైంది."

"పెడితే?"

"కాంట్రాక్టు తీసేస్తారు. పెట్టకపోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే వేరే క్వార్టర్సు ఖాళీ లేవని పంపించేస్తారు." తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంటూ అంది, "నాకు ఈ ఊరు ఇష్టం మా. ఈ పిల్లలు ఇష్టం. ఆయన రిసార్టు నుంచి పడవలో వస్తే చెయ్యెత్తి కనబడేంత దగ్గర ఇంకెక్కడ ఉంటాం? నువ్వు రేవులో ఆ ఒక్క మాట అనకుండా ఉండుంటే."

ఆమెది తప్పు లేదు. దీవి మునుగుతుందేమోనని భయపడి భయపడి, మునిగే పని నేనే మొదలుపెట్టిస్తిని.

ఆ రోజంతా నీళ్ళు తోడి పోస్తూ ఆలోచించినా. వాదించేంత చదువు నాకు లేదు. అర్జీ రాసే భాష లేదు. నాకు వచ్చింది ఒకటే విద్య. పుట్టినప్పటి నుంచి ఒక్క రోజు కూడా మానకుండా చేసిన పని. భయపడటం. ఈ దేశంలో దాని మాట చెల్లుతోంది కదా, చెల్లినంతవరకు వాడదామనుకున్నా.

కొండ ప్రారంభోత్సవం వచ్చింది. ఊరంతా స్వెట్టర్లు వేసుకుని, స్వెట్టర్ల మీద చెమటతో, నెత్తిన గిన్నెలతో మైదానంలో చేరింది. కొండ మా చూరంత ఎత్తుంది. అంచులు అప్పుడే కారుతున్నాయి. అధ్యక్షులవారు మాట్లాడినారు: "ఈ దినము మన దీవి చదునుతనమనే బానిసత్వం నుండి విముక్తి చెందినది." చప్పట్లకు గిన్నెలు మోగినాయి. తర్వాత కొండ సలహాదారు రెండు మాటలు చెప్పాలన్నారు. భార్గవి నా కొంగు పట్టుకుంది. నేను విడిపించుకున్నా.

"కొండ బాగుంది సామీ," అన్నా. షకీబ్ తర్జుమా చేసినాడు. అందరూ నవ్వినారు. "బాగుంది గానీ, నాకు భయంగా ఉంది."

నజీరా మేడం కలం తీసింది. నా భయమంటే ఆమెకు గౌరవం.

"మా ఊళ్ళో వానొస్తే కొండ జారి కింద ఇళ్ళ మీద పడుతుందేమోనని నాకు నిద్ర ఉండదు. అది రాయి కొండ. ఇది ఇసుక కొండ. ఇది ఈ ఇళ్ళ మీద పడితే?"

కలం పరిగెత్తింది. నజీరా మేడం, షకీబ్, అధ్యక్షులవారు తలలు దగ్గర పెట్టుకున్నారు. కొండల దేశం వాళ్ళ రూల్లో దానికీ ఒక పేజీ ఉందంట. కొండ పాదం నుంచి ఇంత దూరంలోపు మనుషులు ఇళ్ళు కట్టుకుని ఉండరాదని. కౌన్సిలువాళ్ళు టేపు తీసుకుని కొండ నుంచి నడిచినారు. ఊరు దాటినారు, తీరం దాటినారు, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగినారు. టేపు ఇంకా మిగిలే ఉంది.

నాకు లోపల్లోపల సంతోషం. ఇక కొండ తీసేస్తారనుకున్నా.

నజీరా మేడం లేచింది. "నిబంధన స్పష్టంగా ఉంది. కొండ ఉన్నచోట జనం ఉండరాదు. కొండ ఉంది. కావున జనాభాను తరలించాలి."

ఎవరి గిన్నో కింద పడి దొర్లింది.

"ఇందులో మేలు కూడా గమనించాలి," అంది ఆమె. "జనాభా లేని దీవిలో ప్రాణాపాయం సున్న. మన దీవి దేశంలోనే సురక్షిత దీవిగా నమోదు అవుతుంది."

అధ్యక్షులవారు తల ఊపబోతున్నారు. చూసినా, తల సగం దాకా వచ్చింది. ఊరు పోగొట్టే పని కూడా నా నోటి మీదుగానే జరగబోతోంది. భార్గవి బిడ్డను గుండెకు అదుముకుని నన్నే చూస్తోంది. నాకు ఏమీ తోచలేదు. తోచనప్పుడు నేను చేసేది ఒకటే, ఇంకొకరి గురించి భయపడతా.

"అయ్యో పాపం, మరి మీరంతా ఎట్లా సామీ?" అన్నా.

"మేమా?" అన్నాడు షకీబ్, తర్జుమా కూడా మరిచిపోయి.

"మనుషులు లేని దీవికి కౌన్సిలు ఎందుకని మూసేస్తారేమో కదా. అధ్యక్షులవారు ఎవరికి అధ్యక్షులు? కార్యదర్శి ఎవరికి సిఫార్సులు రాయల్ల? మేడం వచ్చి ఎవరితో సమావేశం పెట్టుకోవల్ల, కోతులతోనా? రెండో దశ కోతులు కూడా ఇంకా రాలేదు. మీ ఆఫీసు, ఆ తిరిగే కుర్చీ, అన్నీ ఏం కావల్ల? నాకు మీ గురించే బెంగగా ఉంది సామీ, మా గురించి కాదు. మేము పెనుకొండకు పోతాం. మీరు యాడికి పోతారు?"

షకీబ్ తర్జుమా చేసినాడు. అధ్యక్షులవారు మెల్లగా స్వెట్టరు విప్పినారు. ఆ మనిషిని స్వెట్టరు లేకుండా చూసి చాలా కాలమైంది.

తలలు మళ్ళీ దగ్గరికి చేరినాయి. ఈసారి చాలాసేపు. చివరికి నజీరా మేడం మైకు దగ్గరికొచ్చింది.

"ఎత్తుల శాఖ తన మొదటి దశను అనుకున్న గడువుకు ముందే పూర్తి చేసింది. కొండ నిర్మాణం సాధ్యమని నిరూపితమైనది. ఇక రెండవ దశ: కొండ ఉపసంహరణ. తొలగించిన ఇసుకతో పడమటి తీరంలో ఒక నూతన తీరం నిర్మించబడుతుంది. ఇది దేశంలోనే మొట్టమొదటి మానవ నిర్మిత తీరం."

చప్పట్లు మోగినాయి. మా ఆయన కూడా కొట్టినాడని భార్గవి అంటుంది. నేను చూడలేదు.

జేసీబీ మళ్ళీ పడవలో వచ్చింది. తీసిన ఇసుకనే తీసిన చోట పోసినారు. దీనికి ఇంకో నిధి ఇచ్చినారంట, తీరాలు కట్టేవాళ్ళకు వేరే నిధి ఉందంట. నజీరా మేడంకు పదోన్నతి వచ్చింది, లోతుల శాఖకు పోయింది. గిన్నెల తీర్మానం ఎవరూ రద్దు చెయ్యలేదు గానీ, వంట వేళకు గిన్నె కావాల్సి వచ్చి ఒక్కొక్కరే మానేసినారు. గెస్ట్‌హౌసు బోర్డు మీద మళ్ళీ సముద్రం వచ్చింది. బళ్ళో దేశం మళ్ళీ చదును అయింది. భార్గవి కాంట్రాక్టుకు సిఫార్సు రాస్తూ 'ఈమె తల్లి దూరదృష్టి గల మహిళ' అని ఒక వాక్యం చేర్చినాడంట షకీబ్. అమ్మాయి నాకు చదివి వినిపించి నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఉయ్యాల మళ్ళీ వంటింటి దూలానికి ఎక్కింది.

అంతా మునుపటి మాదిరే అయిందని రాయాలనుంది, కాలేదు. పోటెత్తిన రోజుల్లో సముద్రం తీసుకుపోయిన ఇసుక సముద్రం దగ్గరే ఉండిపోయింది. అది ఏ శాఖకూ అర్జీ పెట్టదు, ఏ తీర్మానమూ వినదు. తీరం ముందున్నంత లేదు. మాకు కేటాయించిన కొబ్బరి చెట్టు, మా పేరు రాసిన రంగుతో సహా, నీళ్ళలోకి ఒరిగిపోయింది. ఇప్పుడు నీళ్ళు తగ్గినప్పుడు దాని మాను కనబడుతుంది, దాని మీద కొంగలు నిలబడతాయి.

నిన్న సాయంత్రం వలకుర్చీలు మళ్ళీ ఇసుకలోకి వచ్చినాయి. మా ఆయన తన కుర్చీలో కూర్చున్నాడు. పక్కది ఖాళీగా ఉంది. చేపల పడవలు రేవుకొస్తున్నాయి. లోపల భార్గవి బిడ్డకు జోల పాడుతోంది. నేను చీర చెంగు నడుముకు దోపుకుని, నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో చూస్తూ నిలబడినా. ముందుకంటే దగ్గరగానే ఉన్నాయి. కొండ లేదు, చెట్టు లేదు, సలహాదారు లేదు. నా ప్రశ్న మాత్రం రేవులో దిగిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. చుట్టూ చూసినా, షకీబ్ లేడు, వినేవాళ్ళెవరూ లేరు. అందుకని గొంతు తగ్గించి అడిగినా.

"ఏమయ్యా, నిజంగా మునిగిపోతే మనం యాడ నిలబడల్ల?"

మా ఆయన ఎదురుగా చూసినాడు, రోడ్డు చూసినట్టు. పడవలన్నీ వచ్చి కట్టేసుకున్నాయి. చేపలు దించినారు, చేపలు పంచుకున్నారు, పిల్లులు తమ వంతు తీసుకున్నాయి. పొద్దు కుంకింది. లోపల జోల ఆగిపోయింది, బిడ్డ నిద్రపోయినట్టుంది. ఇక ఈ మలుపు కూడా దాటదులే అని నేను లోపలికి పోబోతుంటే, ఆయన చెయ్యి చాపి పక్క కుర్చీ తాళ్ళు రెండు సార్లు లాగి చూసినాడు, గట్టిగా ఉన్నాయా లేదా అని.

"మొదలు కూచో," అన్నాడు.